మునిరత్నం సారు ఆదివారం క్లాసు

తిరుపతిలో బస్సు ఎక్కితే చందనం వాసన తగులుతుంది. కొండ దిగి వచ్చిన కుటుంబం ఏదో ఒకటి ముందు సీట్లలో కూర్చుని ఉంటుంది. తాతా, తండ్రీ, పిల్లలూ అందరివీ గుండ్లే. వాటి మీద ఆరీ ఆరని గంధం. మొన్న పుత్తూరు బస్సులో కిటికీ గాలికి ఆ వాసన నా మీదికి వచ్చింది. ముందు సీట్లో పసివాడొకడు తన గుండును తానే తడుముకుని ఆశ్చర్యపోతున్నాడు. చూసినవాళ్ళంతా నవ్వుతున్నారు. నేనూ నవ్వాను కానీ ఎక్కువసేపు కాదు. ఆ వాసన నాకు భక్తిని కాదు, ఒక తరగతి గదిని గుర్తుకు తెస్తుంది. అందులో మేమందరం కలిసి వేసిన ఒక కేకను గుర్తుకు తెస్తుంది.

తొంభైల నడుమ సంగతి. విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలలో సివిల్ చదువుతున్నాను. ఆ ఉదయం మొదటి పీరియడు మునిరత్నం సారుది. ఆయన సెలవు మీద పోయి రెండు వారాలు దాటింది. తలుపు దగ్గర కనిపించిన మనిషిని మేము ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. ఒత్తుగా జుట్టు, సన్నటి మీసం ఉండే మనిషికి ఇప్పుడు రెండూ లేవు. మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా మాత్రం అదే.

ఇంకే ఊళ్ళోనైనా గుండుతో వచ్చిన మనిషిని చూస్తే ఇంట్లో ఏమైందని అడుగుతారు. తిరుపతిలో ఏం మొక్కని అడుగుతారు. లెక్చరర్లు, బ్యాంకు గుమాస్తాలు, ఆటో నడిపేవాళ్ళు, పరీక్ష గట్టెక్కిన విద్యార్థులు, ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు అందరికీ గుండ్లు ఉంటాయి. అక్కడ గుండు ఒక శుభవార్త.

నా పక్కన కూర్చునే చెంగల్రాయులు మోచేత్తో పొడిచాడు. "మనం పరీక్ష రాసినామని సార్ గుండు కొట్టించుకున్నాడబ్బా!" అన్నాడు. చుట్టుపక్కల బెంచీలకు వినబడేలాగే అన్నాడు. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల ధైర్యంతో నేను అడిగేశాను.

"ఎవరి కోసం సార్ మొక్కు?"

సారు హాజరు పట్టీ మీద నుంచి తల ఎత్తారు. "మా నాయన కోసమప్పా."

"తీరిందా సార్?"

హాజరు పట్టీ మూశారు. "తీరిపోయిందిలే."

వెనక బెంచీల నుంచి ఎవరో 'గోవిందా' అన్నారు. క్లాసంతా 'గోవింద' అని అందుకుంది. కిటికీ అద్దాలు అదిరాయి. పక్క గదిలో పాఠం ఆగిపోయింది. కేక సద్దుమణిగాక చెంగల్రాయులు లేచి నిలబడి, "లడ్డు యాడ సార్?" అన్నాడు.

"ఏడాది పోనీప్పా, తెస్తా."

"ఏడాదికి పాచిపోతాది సార్!"

సారు కూడా నవ్వారు. నవ్వి, చాక్‌పీసు తీసుకుని బోర్డు వైపు తిరిగారు.

ఆయన మొక్కు తీర్చుకుని రాలేదు. తండ్రికి తలకొరివి పెట్టి, కర్మలు ముగించుకుని వచ్చారు. మా వైపు కొండ ఎక్కేటప్పుడూ అదే కేక, పాడె లేపేటప్పుడూ అదే కేక.

మునిరత్నం సారును మీరు చూసి ఉండరు. ఆయన గురించి నేను ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. తమిళనాడు అంచున ఉన్న నగరిలో చేనేత కుటుంబం ఆయనది. తండ్రి మగ్గం మీద పని చేసి కొడుకును ఇంజనీరింగ్ చదివించాడు. ఊళ్ళో మరమగ్గాల చప్పుడు పెరిగి, ఇంట్లో మగ్గం గుంటను పూడ్చేసే నాటికి సారు మా కళాశాలలో లెక్చరరు అయ్యారు. మాట మాత్రం నగరి మాటే. 'చూడు' అనరు, 'సూడు' అంటారు. తెలుగులో మొదలైన వాక్యం తమిళం గుండా పోయి ఇంగ్లీషులో తేలేది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మా తోటివాళ్ళు కొందరు ఆయన మాటను అనుకరించి హాస్టల్లో నవ్వించేవాళ్ళు. మొదట్లో నేనూ నవ్వాను. నా మాట కూడా అదేనని వాళ్ళు కనిపెట్టకూడదని కాస్త గట్టిగానే నవ్వాను.

మాది సత్యవేడు పక్కన పల్లె. పదో తరగతి దాకా తెలుగులోనే చదివాను. ఎంట్రన్సులో సీటు వచ్చింది కానీ, ఇంగ్లీషు పాఠాలు వాన చప్పుడులా చెవిన పడి జారిపోయేవి. అన్నిట్లోకీ కష్టమైన సబ్జెక్టు స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్. ఏ వస్తువు ఎంత బరువు మోస్తుంది, ఎక్కడ వంగుతుంది, ఎక్కడ విరుగుతుంది అని చెప్పే శాస్త్రం అది. అందులో మొదటిసారి తప్పాను. రెండోసారీ తప్పితే మూడో సంవత్సరంలోకి రానివ్వరు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ మాట నాయనకు చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన చెరుకు తోటకు నీళ్ళు కడుతూ, "రాకుంటే వచ్చెయ్యప్పా, కయ్యలుండాయి గదా," అన్నాడు. తిట్టి ఉంటే ఇంత భయం వేసేది కాదు. నాకు తిరిగి వచ్చేందుకు పొలమనే ఒక చోటు ఉందని ఎంత ప్రేమగా చెప్పాడో, ఆ చోటికే తిరిగి పోతానేమోనని అంతగా వణికాను.

మునిరత్నం సారు దగ్గర ఒక పద్ధతి ఉండేది. లెక్కను బోర్డు మీద చేయడానికి పిలిస్తే వెంటనే చాక్‌పీసు ఇచ్చేవారు కాదు. ముందు నోటితో చెప్పాలి. బరువు యాడ పడతాది, యాడికి పోతాది? ఈ రెండూ మాటల్లో చెప్పిన తర్వాతే సూత్రం రాయనిచ్చేవారు. సూత్రం బట్టీ పట్టి వచ్చినవాళ్ళు అక్కడే నీళ్ళు నమిలేవాళ్ళు. ఒకరోజు నా వంతు వచ్చింది.

"మణీ, మిద్దెకు ముందుకు సజ్జ ఉంటాది గదా. దాని అంచున నువ్వు నిలబడినావు. సజ్జ పైన సీలతాదా, కింద సీలతాదా?"

"కింద సార్."

క్లాసు నవ్వింది. సారు నవ్వలేదు. "మీకు చెరుకు ఉండాదా?"

"ఉండాది సార్," అన్నాను. నోరు జారి నా సొంత మాట వచ్చేసింది.

"గడను మోకాలికి ఆనించి విరుస్తావు గదా. ముందు యాడ సీలతాది? మోకాలి వైపా, అవతలి వైపా?"

"అవతలి వైపు సార్. తొక్క సాగి, పటుక్కుమంటాది."

"ఎందుకు సాగతాది?"

"అటు పక్క లాగినట్టు అయితాది సార్."

"అంతే. ఇప్పుడు ఆ గడను గోడలో గుచ్చినావు. కొసను పట్టుకోని కిందికి లాగతా ఉండావు. సాగేది ఏ పక్క?"

కళ్ళు మూసుకుని చేతులతో లాగి చూసుకున్నాను. "పైపక్క సార్."

"మరి సజ్జలో ఇనుము యాడ పెట్టల్ల?"

"పైన!"

"దాన్నే పుస్తకంలో టెన్షన్ అని రాసినారు. నీకు ఈ సబ్జెక్టు ముందే తెలుసప్పా. పేర్లు తెలీదంతే." అప్పుడు ఇచ్చారు చాక్‌పీసు.

నాకు ఏదో వచ్చునని ఆ ఊళ్ళో నాతో అన్న మొదటి మనిషి ఆయన. ఆ రోజు నుంచి ఆయన మాటను చూసి నవ్వడం మానేశాను. సబ్జెక్టు తప్పినవాళ్ళం ఒక గుంపుగా ఆయన చుట్టూ చేరాము. సాయంత్రాలు డిపార్ట్‌మెంటు వరండాలో కూర్చోబెట్టి, వచ్చిన భాషలో చెప్పేవారు. ఆయనకు దీని వల్ల ఒరిగింది లేదు. సాటి లెక్చరర్లు 'మునిరత్నం తెలుగు మీడియం' అని ఎగతాళి చేసేవారు.

శనివారం సగం రోజు కాగానే ఆయన నగరి బస్సు ఎక్కేవారు. సోమవారం పొద్దున్నే వచ్చేసేవారు. ప్రతి వారం ఒకటే సంచి. తండ్రికి ఆయాసమని మాకు తెలుసు. ఎప్పుడైనా ఆయనే అనేవారు, "మా నాయనకు రేత్రంతా నిద్దర లేదు" అని. ఇరవై ఏళ్ళ వయసులో ముసలివాళ్ళ జబ్బులు వాతావరణం లాంటివి. వింటాం, మరిచిపోతాం.

పరీక్ష మంగళవారం. ముందటి శనివారం మధ్యాహ్నం మేము కొందరం ఆయన గది ముందు నిలబడ్డాము. సంచి కుర్చీలో ఉంది. ఆయన బల్ల మీది కాగితాలు సర్దుతున్నారు. మాట్లాడే పని నాకు అప్పగించారు, సారుకు నేనంటే ఇష్టమని.

"సార్, రేపు ఒక్కరోజు ఉండి చెప్తే గట్టెక్కుతాం సార్."

ఆయన సంచి వైపు చూశారు. తర్వాత కిటికీ వైపు చూశారు. "ఆదివారం ఎంతమంది వస్తారప్పా? సినిమాలుండవా మీకు?"

"అందరం వస్తాం సార్."

"రాకుంటే మా తలకాయలు గొరగండి సార్," అన్నాడు చెంగల్రాయులు.

సారు నవ్వారు. సంచి తీసి బల్ల కింద పెట్టారు. "సరే. పొద్దన్నే రాండి. తినేసి రాండి. కడుపు కాలితే తలకెక్కదు."

ఆ ఆదివారం ఆయన చెప్పిన పాఠం లాంటిది నేను మళ్ళీ వినలేదు. ఏడాది పొడుగునా అర్థం కానిది ఆ పూటలో విడివిడిగా, ముళ్ళు విప్పినట్టు విప్పారు. ఎవరూ లేవలేదు. ఎప్పటిలాగే జోకులు వేశారు. నన్ను రెండుసార్లు బోర్డు దగ్గరికి పిలిచారు. మధ్యాహ్నం దాటాక, "ఇంక సాలప్పా, నాకు తెలిసిందంతా అయిపోయింది," అన్నారు. క్యాంటీన్‌లో టీ తాగి పొమ్మని చెంగల్రాయులు బతిమాలినా ఆగలేదు. సంచి భుజాన వేసుకుని గేటు వైపు గబగబా నడిచారు. ఏ రోజైనా గది వదిలే ముందు బోర్డు తుడిచేది ఆయనే. ఆ రోజు తుడవలేదు. మేము పాసవుతామనే సంతోషంలో దాన్ని పట్టించుకోలేదు. బోర్డు మీద మిగిలిన లెక్కను ఇంకోసారి రాసుకుని హాస్టల్‌కు పోయాము.

గోవిందా అని అరిచిన రోజు రాత్రి భోజనాల దగ్గర చెంగల్రాయులు ఉన్నట్టుండి ముద్ద ఆపాడు.

"ఏడాదంటాడేందబ్బా?"

"ఏం ఏడాది?"

"లడ్డుకు ఏడాది పోవల్ల అన్నాడు గదా సారు. కొండకు పొయ్యొచ్చినోడు ఏడాది తర్వాత తెస్తానంటాడా?" కాసేపు నా ముఖంలోకి చూశాడు. "మా జేజినాయన పోయినప్పుడు మా నాయన్ను ఏడాది దాకా కొండెక్కనీలేదబ్బా మా అవ్వ."

వాడు పళ్ళెం పక్కకు నెట్టి చేయి కడుక్కోవడానికి లేచిపోయాడు.

మరునాడు డిపార్ట్‌మెంటు ఆఫీసులో గుమాస్తాను అడిగాము. ఆయన టైపు చేస్తూనే చెప్పాడు. "అవునప్పా, వాళ్ళ నాయన పోయినాడు. ఆదివారం మద్దేన్నం. ఈయన ఆడికి పొయ్యేసరికి అయిపొయిందంట."

ఏ ఆదివారమని అడగనక్కరలేకపోయింది.

తర్వాతి క్లాసులో సారు వచ్చేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. అందరం నిలబడే ఉన్నాము. ఆయన ఒకసారి చుట్టూ చూసి, తన అలవాటు చొప్పున, "ఏందప్పా ఇట్లుండారు? ఎవురన్నా పోయినారా?" అన్నారు. అన్న తర్వాత ఆ మాట ఆయనకే వినబడింది. ముందు బెంచీలో ఒక అమ్మాయి ఏడ్చేసింది.

"కూర్సోండి, కూర్సోండి," అన్నారు సారు. "మా నాయన బాగానే బతికినాడప్పా. ఎవురి దగ్గరా మాట పడలే. మీరు తెలీక అరిసినారు. గోవిందా అనే గదా అన్నారు, తిట్లేదే." ఇక ఆ సంగతి ఎత్తలేదు. మమ్మల్నీ ఎత్తనివ్వలేదు. చివరి ఏడాది వరకూ ఎప్పటిలాగే పిలిచి, ఎప్పటిలాగే నోటితో చెప్పించారు. కానీ ఆదివారాలు మాత్రం ఆయన్ను ఉండమని మేము మళ్ళీ అడగలేదు.

నేను పాసయ్యాను. గట్టెక్కడానికి ఎన్ని మార్కులు కావాలో అన్నే వచ్చాయి. పట్టా చేతికి వచ్చింది. దానితో ఒక్క సజ్జ కూడా కట్టించలేదు. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో కాలక్షేపానికని ఒక దినపత్రికకు చుట్టుపక్కల ఊళ్ళ వార్తలు రాయడం మొదలుపెట్టి అందులోనే ఉండిపోయాను. ముందు నోటితో చెప్పు, తర్వాత రాయి అనే పద్ధతి అక్కడ బాగా పనికొచ్చింది. నా వార్తలు తేటగా ఉంటాయని డెస్కులో అనేవాళ్ళు. అది ఎవరి దగ్గర నేర్చుకున్నానో చెప్పేవాణ్ణి కానీ, ఆయన నాకు నేర్పిన పాఠాల్లో అన్నిటికంటే పెద్దది ఏ రోజున చెప్పారో చెప్పేవాణ్ణి కాదు.

చాలా ఏళ్ళకు పుత్తూరు బస్టాండులో సారు కనిపించారు. జుట్టు నెరిసింది. సంచి చేతిలో ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టారు.

"ఏం మణీ, యాడుండావు? ఏం కడతా ఉండావు?"

"కట్టడం లేదు సార్. పేపర్లో పని చేస్తున్నాను."

"అయితే నేను జెప్పిన పాఠం గోవిందా!" అని పకపకా నవ్వారు. ఆ మాట ఆయన నోట వినగానే నాకు మా క్లాసు వేసిన కేక గుర్తుకొచ్చింది. ఆయనకు ఏ గుర్తూ లేదో, లేక ఉండీ మామూలు మాటగా మార్చేసుకున్నారో తెలియదు. అప్పటికి ప్రమాదాలు, చావులు ఎన్నో రాశాను. బిడ్డ పోయిన తల్లిని కూడా ఎన్ని గంటలకమ్మా అని అడిగినవాణ్ణి. ఆయన ముందు సగం ప్రశ్నే అడగగలిగాను.

"సార్, ఆ ఆదివారం..." అన్నాను.

"ఏ ఆదివారం?"

"మా పరీక్షకు ముందు, మీరు ఉండి..."

ఆయన సంచిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నారు. "పాసైనావు గదా?"

"అయ్యాను సార్."

"ఇంగేం మరి," అన్నారు. నగరి బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి చేయి ఊపారు. అదే ఆయన్ను చివరిసారి చూడడం.

ఆయన పోయిన సంగతి కూడా నాకు ఆలస్యంగానే తెలిసింది. నగరిలో వాళ్ళ ఇంటికి పోయినప్పుడు చెల్లెలు కుప్పమ్మ ఉంది. అన్న దగ్గర చదువుకున్నవాణ్ణని చెబితే చాప వేసి కూర్చోబెట్టింది. ఆయన కబుర్లు చెప్పుకుంటూ ఉండగా మాట వాళ్ళ నాయన మీదికి మళ్ళింది. నేను మళ్ళించలేదు. ఆమే మొదలుపెట్టింది.

"శనివారం పొద్దన్నే అంగడి కాడికి పోయి కాలేజీకి ఫోన్ చేసినానబ్బయా. నాయనకు ఎక్కువైంది, మా అన్నను బిర్నా రమ్మనండి అని చెప్పినా. ఎవురో ఎత్తినారు. సరేమ్మా, చెప్తాం అన్నారు."

"ఎవరు ఎత్తారమ్మా?"

"నాకేం తెలుసును? మొగోళ్ళ గొంతు. శనివారం అంతా సూసినాం. వచ్చే ప్రతి బస్సుకూ ఒకర్ని పంపినాం. నాయన తలుపు వైపే సూస్తా ఉండె. ఆదివారం పొద్దు వాలినాంక వచ్చినాడు అన్న."

"ఏమన్నారు సారు?"

"ఎందుకన్నా రాలేదు అని అడిగినా. క్లాసుండెమ్మా అన్నాడు. అంతే. మళ్ళా నేను అడగలే, ఆయన చెప్పలే." ఆమె లేచి లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది. ఆ క్లాసు ఎవరిదో ఆమెకు తెలియదు. చెప్పడానికి నోరు తెరిచాను. గ్లాసు అందుకున్నాను.

క్లాసుండె. ఆ ఒక్క మాటను ఇన్నేళ్ళుగా అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. క్లాసులో ఉండిపోయాను, కబురు నాకు అందలేదు అని అర్థం చేసుకోవచ్చు. కబురు అందింది, కానీ పిల్లలకు మాట ఇచ్చాను అనీ అర్థం చేసుకోవచ్చు. మొదటిదైతే అది మా ఎవరి చేతుల్లోనూ లేనిది. రెండోదైతే ఆయన సంచి తీసి బల్ల కింద పెట్టినప్పుడు ఏం చేస్తున్నారో ఆయనకు తెలుసు. నా పట్టా విలువ ఏమిటో ఆ రెండు అర్థాల్లో ఏది నిజమనే దాని మీద ఆధారపడి ఉంది.

ఇప్పుడు డెస్కులో కుర్రవాళ్ళు చావు వార్త తెస్తే, కబురు ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని గుచ్చి గుచ్చి అడుగుతాను. చాదస్తమని వెనక నవ్వుకుంటారు. నా సొంత వార్త కోసం కూడా తిరిగాను. అప్పట్లో డిపార్ట్‌మెంటులో ఫోను ఒక్కటే, ఆఫీసు గదిలో ఉండేది. గుమాస్తా కాలం చేశాడు. శనివారాలు ఆ గదిలో కూర్చునే లెక్చరర్లు ఇద్దరిని వెతికి పట్టుకున్నాను. ఒకాయన తాను ఎత్తలేదన్నారు. ఇంకొకాయనకు అలాంటి ఫోను వచ్చినట్టే గుర్తు లేదు. ఆ శనివారం పొద్దున కుప్పమ్మ ఫోను ఎవరు ఎత్తారో, ఎత్తినవారు సారుకు చెప్పారో లేదో, చెప్పి ఉంటే అది మేము ఆయన గది ముందు నిలబడక ముందో తర్వాతో, ఇప్పటికీ తెలియదు.